మినీకామ్ 2.8: టైమ్‌స్టాంప్, ఆర్‌ఎస్-485, హెక్స్, సాకెట్... బెంచ్ మీద ఏది ఎంతవరకు నమ్మొచ్చు?

బాలానగర్_బెంచ్ (ప్రశ్న)

బెంచ్ కంప్యూటర్ ఉబుంటు 20.04 నుంచి 22.04కి మారింది. దాంతో సీరియల్ పోర్టుల మీద పరికరాలతో మాట్లాడే టెర్మినల్ ప్రోగ్రామ్ మినీకామ్ 2.7.1 పోయి 2.8 వచ్చింది. సెటప్‌లో సీరియల్ పోర్ట్ పేజీ తెరిస్తే, ఏ నుంచి జీ వరకే ఉండే వరసలు ఇప్పుడు ఎన్ దాకా ఉన్నాయి. కొత్తవన్నీ ఆర్‌ఎస్-485వే (ఒకే జత తీగల మీద చాలా పరికరాలు వంతులవారీగా మాట్లాడే సీరియల్ పద్ధతి). హెక్స్‌లో చూపించే ఆప్షన్, యూనిక్స్ సాకెట్‌కి (ఒకే కంప్యూటర్‌లో ప్రోగ్రాములు మాట్లాడుకునే దారికి) కలిపే పద్ధతి కూడా ఉన్నాయని చూశాను. మ్యాన్ పేజీ చదివాను గానీ, ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో అందులో దొరకదు.

బెంచ్ మీద మూడు వస్తువులున్నాయి. ఒకటి క్వెక్టెల్ ఈసీ25 4జీ మోడెమ్, యూఎస్‌బీ మీద. రెండోది సీహెచ్340 (యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్) ఉన్న ఆర్‌ఎస్-485 డాంగిల్, దానికి మాడ్‌బస్ ప్రోటోకాల్‌తో మాట్లాడే ఎనర్జీ మీటర్. మూడోది యూ-బూట్ అనే బూట్‌లోడర్‌తో లేచే లినక్స్ బోర్డు, దాని డీబగ్ కన్సోల్‌కి మూడు తీగలే: టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది), గ్రౌండ్.

అడగాల్సినవి ఇవి. టైమ్‌స్టాంప్‌లో మిల్లీసెకండ్లు కనిపిస్తున్నాయి, వాటిని నమ్మొచ్చా? అవి లాగ్ ఫైల్లోకి కూడా వెళ్తాయా? ఆర్‌ఎస్-485 ఎనేబుల్‌కి ఎస్ పెట్టినా డాంగిల్‌లో ఏ తేడా లేదు, ఎందుకు? బోర్డు కన్సోల్‌లో అక్షరాలు వస్తున్నాయి, నేను టైప్ చేసింది మాత్రం వెళ్లడం లేదు. పైగా మినీకామ్ తెరిచిన ప్రతిసారీ యూ-బూట్ ఆటోబూట్ ఆగిపోతోంది. ఇంకొకటి, 22.04కి మారాక డాంగిల్ పెట్టిన రెండు క్షణాలకే దాని పోర్ట్ టీటీవైయూఎస్‌బీ0 మాయమవుతోంది.

తీగ_జత (జవాబు)

చివరివాటి నుంచి వస్తాను. అవి సరిచేయకుండా కొత్త ఫీచర్ల జోలికి వెళ్తే ఏది ఎందుకు పనిచేయడం లేదో తేలదు.

డాంగిల్ మాయం కావడం మినీకామ్ పని కాదు. 22.04లో బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం బీఆర్ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ ఉంటుంది. సీహెచ్340 ఐడీ 1ఏ86:7523. కొన్ని బ్రెయిలీ పరికరాలకూ అదే ఐడీ ఉండటంతో అది మీ డాంగిల్‌ని బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని లాగేసుకుంటుంది. కర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో చూడండి, ఇంటర్‌ఫేస్‌ని బీఆర్ఎల్‌టీటీవై తీసుకున్నట్టు వరస ఉంటుంది. ఆ బెంచ్‌లో బ్రెయిలీ డిస్‌ప్లే ఎవరూ వాడకపోతే ఆప్ట్ రిమూవ్‌తో ఆ ప్యాకేజీ తీసేసి డాంగిల్ ఊడదీసి మళ్లీ పెట్టండి. వాడేవాళ్లుంటే మాత్రం తీయకండి. దాని యూడెవ్ (పరికరం పెట్టగానే ఏం చేయాలో చెప్పే) రూల్స్‌లో 1ఏ86:7523 ఉన్న వరసని కామెంట్ చేయండి.

టైప్ చేసింది వెళ్లకపోవడానికి కారణం హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్. మినీకామ్‌లో అది మొదటి నుంచీ ఎస్ మీదే ఉంటుంది, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ పుట్టింది టెలిఫోన్ మోడెమ్‌ల కోసం. మీకు మూడు తీగలే ఉన్నాయి, 'పంపొచ్చు' అని చెప్పే సీటీఎస్ తీగ గాల్లో ఉంది. సీటీఎస్ వచ్చేదాకా పంపకూడదని కర్నల్ మీ అక్షరాలని పట్టుకుని కూర్చుంటుంది. వచ్చే దిశకి ఆ అడ్డు లేదు కాబట్టి అక్షరాలు కనిపిస్తాయి. కంట్రోల్-ఎ, ఆ తర్వాత ఓ, సీరియల్ పోర్ట్ సెటప్, అక్కడ ఎఫ్ నొక్కి నో చేయండి. కొత్తగా మినీకామ్ పట్టుకున్నవాళ్లు తీగలు తిప్పి తిప్పి పెట్టేది ఎక్కువగా ఈ ఒక్క సెట్టింగ్ వల్లే.

ఆటోబూట్ ఆగిపోయేది కూడా మోడెమ్ వారసత్వమే. మినీకామ్ తెరుచుకోగానే మోడెమ్ ఇనిషియలైజేషన్ స్ట్రింగ్ (మోడెమ్‌ని సిద్ధం చేసే ఏటీ కమాండ్ల వరస) పంపుతుంది. 'ఏటీ ఎస్7=45 ఎస్0=0' అంటూ మొదలయ్యేది అదే. యూ-బూట్ ఏ కీ వచ్చినా ఆగుతుంది, దానికి ఆ ఏటీ కూడా కీలే. చిన్న ఓ ఆప్షన్‌తో తెరిస్తే ఆ స్ట్రింగ్ పోదు. బయటికి వచ్చేటప్పుడు కంట్రోల్-ఎ, ఎక్స్ నొక్కితే రీసెట్ స్ట్రింగ్ పంపుతుంది, కంట్రోల్-ఎ, క్యూ అయితే పంపదు. బోర్డు కన్సోల్‌లో ఎప్పుడూ క్యూనే వాడండి. లేకపోతే మీ షెల్ ప్రాంప్ట్ దగ్గర ఏటీజెడ్ అని పడి ఉంటుంది.

ఇంకా మంచి పద్ధతి, బోర్డుకి వేరే ప్రొఫైల్. మోడెమ్ అండ్ డయలింగ్ పేజీలో ఇనిట్, రీసెట్ స్ట్రింగులు ఖాళీ చేసి, ఫ్లో కంట్రోల్ నో పెట్టి, 'సేవ్ సెటప్ యాజ్' దగ్గర 'బోర్డ్' అని పేరివ్వండి. ఆ తర్వాత 'మినీకామ్ బోర్డ్' అంటే చాలు. సూడోతో సేవ్ చేస్తే ఆ ఫైలు /ఈటీసీ/మినీకామ్‌లోకి వెళ్లి అందరికీ వర్తిస్తుంది, మామూలు యూజర్‌గా చేస్తే మీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఫైలవుతుంది. అసలు సూడోతో నడపాల్సిన అవసరమే లేదు. యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రండి.

ఇక టైమ్‌స్టాంప్. ఇది 2.8లో కొత్తగా వచ్చింది కాదు, 2.7లోనూ ఉంది. చాలామంది కంట్రోల్-ఎ, ఎన్ నొక్కి చూడలేదంతే. నొక్కిన కొద్దీ పద్ధతి మారుతుంది: సెకండ్ల వరకు, మిల్లీసెకండ్లతో, వరసకీ వరసకీ మధ్య తేడా, సెకండుకొకసారి, చివరికి ఆఫ్. మొదటి నుంచే కావాలంటే కమాండ్ ఇలా ఉంటుంది:

మినీకామ్ -డి /డెవ్/టీటీవైయూఎస్‌బీ2 -బి 115200 -ఓ టైమ్‌స్టాంప్=ఎక్స్‌టెండెడ్ -సి మోడెమ్.లాగ్

ఇందులో డి, ఓ, సి పెద్దక్షరాలు, బి చిన్నక్షరం. చిన్న ఓకీ పెద్ద ఓకీ అర్థం పూర్తిగా వేరు, పైన చెప్పిన ఇనిట్ ఆపేది చిన్నది. స్టాంపులు లాగ్ ఫైల్లోకి కూడా వెళ్తాయి.

నమ్మకం సంగతి. ఆ సమయం పరికరం అక్షరం పంపిన సమయం కాదు, మినీకామ్ దాన్ని చదివిన సమయం. మధ్యలో యూఎస్‌బీ ఉంది. ఎఫ్‌టీడీఐ యూఎస్‌బీ-సీరియల్ చిప్ అయితే లేటెన్సీ టైమర్ అని ఒకటుంటుంది, మామూలుగా 16 మిల్లీసెకండ్లు. బఫర్ నిండకపోతే చిప్ అంతసేపు ఆగి, ఉన్నదంతా ఒక్కసారి పంపుతుంది. అప్పుడు నిజానికి 5 మిల్లీసెకండ్ల తేడాతో వచ్చిన రెండు వరసలకి ఒకే స్టాంప్ పడొచ్చు. /సిస్/బస్/యూఎస్‌బీ-సీరియల్/డివైసెస్ కింద మీ పోర్ట్ పేరుతో ఉన్న డైరెక్టరీలో లేటెన్సీ_టైమర్ అనే ఫైలుంటుంది, అందులో 1 రాస్తే ఆ ఆలస్యం తగ్గుతుంది. సీహెచ్340కి ఆ సదుపాయం లేదు.

స్టాంప్ ఎక్కడ పడుతుందో కూడా తెలిసి ఉండాలి. లైన్‌ఫీడ్ వచ్చాక తర్వాతి అక్షరం రాగానే పడుతుంది, అంటే వరస మొదట్లో. 9600 వేగంతో ఒక్కో అక్షరానికి సుమారు 1.04 మిల్లీసెకండ్లు, 80 అక్షరాల వరస పూర్తవడానికి 83 పైనే. కాబట్టి స్టాంప్ నుంచి స్టాంప్‌కి లెక్కేయండి, వరస చివరి నుంచి కాదు. పరికరం లైన్‌ఫీడ్ లేకుండా క్యారేజ్ రిటర్న్ ఒక్కటే పంపుతుంటే స్టాంపే పడదు, అది మినీకామ్ చెడిపోయినట్టు కాదు. బూట్ ఎన్ని సెకండ్లు పట్టింది, మోడెమ్ ఎప్పుడు రీసెట్ అయింది, ఇలాంటివాటికి ఈ స్టాంపులు బంగారం. ప్రోటోకాల్ టైమింగ్ కొలవాలంటే లాజిక్ అనలైజర్ పెట్టుకోండి.

చర్లపల్లి_ప్యానెల్ (జవాబు)

ఆర్‌ఎస్-485 వరసల గురించి నేను చెప్తాను. ఇందులో అందరూ పడే పొరపాటు, ఆ పని మినీకామ్ చేస్తుందనుకోవడం. మినీకామ్ చేసేది ఆ సెట్టింగులని కర్నల్‌కి చెప్పడం వరకే. దిశ మార్చేది సీరియల్ డ్రైవర్. పంపేటప్పుడు ఆర్‌టీఎస్ అనే కంట్రోల్ లైన్ లేపి, చివరి బిట్ పోయాక దించడం డ్రైవర్ బాధ్యత. ఐ.ఎమ్‌ఎక్స్ బోర్డులు, బీగల్‌బోన్ లాంటి వాటి సొంత యూఆర్టులకి (సీరియల్ పోర్ట్ సర్క్యూట్లకి) ఆ మద్దతు డ్రైవర్‌లో ఉంది. సీహెచ్340, ఎఫ్‌టీడీఐ యూఎస్‌బీ డ్రైవర్లలో లేదు. అవసరమూ లేదు, ఎందుకంటే ఆ డాంగిల్స్‌లో దిశ మార్చే పని లోపలి సర్క్యూటే చూసుకుంటుంది. అందుకే మీ డాంగిల్‌లో ఏ తేడా కనిపించలేదు. దానికి హెచ్ వరస (ఆర్‌ఎస్-485 ఎనేబుల్) నో గానే ఉంచేయండి.

బోర్డు యూఆర్ట్‌కి ఆర్‌ఎస్-485 సిగ్నల్ పంపి అందుకునే మ్యాక్స్485 చిప్ నేరుగా కలిపితే అప్పుడు ఆ పేజీకి విలువ. చిప్‌లో డీఈ (పంపడానికి), ఆర్‌ఈ (అందుకోవడానికి) కాళ్లు రెండూ కలిపి ఆర్‌టీఎస్‌కి ఇచ్చారనుకోండి. డీఈ హై అయితే పంపుతుంది కాబట్టి 'ఆర్‌టీఎస్ ఆన్ సెండ్' ఎస్, 'ఆర్‌టీఎస్ ఆఫ్టర్ సెండ్' నో. మధ్యలో ట్రాన్సిస్టర్ ఇన్వర్టర్ ఉంటే రెండూ తారుమారు. 'ఆర్ఎక్స్ డ్యూరింగ్ టీఎక్స్' అంటే మీరు పంపింది మీకే తిరిగి వినిపించడం. తీగ సరిగ్గా ఉందో లేదో చూసేటప్పుడు ఎస్, మామూలప్పుడు నో. 'టెర్మినేట్ బస్' పనిచేయాలంటే సాఫ్ట్‌వేర్‌తో కలిపే టెర్మినేషన్ రెసిస్టర్ బోర్డులోనే ఉండాలి, లేకపోతే ఆ వరస ఉన్నా లేనట్టే. చివరి రెండు వరసలు ఆలస్యాలు, మిల్లీసెకండ్లలో.

ఆలస్యాలు తప్పితే లక్షణాలు ఇలా కనిపిస్తాయి. డీఈ ముందే దిగిపోతే మీ ఫ్రేమ్‌లో చివరి బైటు తెగుతుంది, మీటరు సీఆర్‌సీ (తప్పులు పట్టే చెక్ బైట్లు) తప్పని నోరు మెదపదు. డీఈ ఆలస్యంగా దిగితే మీటరు జవాబులో మొదటి బైటు పోతుంది, మీకు స్లేవ్ అడ్రస్ (మీటరు నంబర్) లేని ఫ్రేమ్ కనిపిస్తుంది. ఈ రెండోది పట్టుకోవడానికే హెక్స్ మోడ్ బాగా పనికొస్తుంది. పెద్ద హెచ్ ఆప్షన్‌తో తెరిస్తే వచ్చే ప్రతి బైటూ అంకెల్లో కనిపిస్తుంది.

అయితే మినీకామ్ కీబోర్డు నుంచి మాడ్‌బస్ ఆర్‌టీయూ ఫ్రేమ్ పంపాలని చూడకండి. ఫ్రేమ్ మధ్యలో ఖాళీ 1.5 అక్షరాల సమయం దాటకూడదు, ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 3.5 అక్షరాల మౌనం ఉండాలి. 9600 దగ్గర ఆ 3.5 అంటే సుమారు 4 మిల్లీసెకండ్లు. ఏ చేయీ అంత వేగంగా కొట్టలేదు. హెక్స్ మోడ్‌లో మినీకామ్ తెరిచి పెట్టి, పక్క టెర్మినల్ నుంచి ప్రింట్‌ఎఫ్‌తో ఎనిమిది బైట్లూ ఒకేసారి అదే పోర్ట్‌కి పంపండి: 01 03 00 00 00 02 సీ4 0బీ. అడ్రస్ 1 ఉన్న మీటరుని సున్నా నుంచి రెండు హోల్డింగ్ రిజిస్టర్లు అడిగే ఫ్రేమ్ ఇది, చివరి రెండు బైట్లు సీఆర్‌సీ. జవాబు 01 03 04 అని మొదలవ్వాలి. 01 83 అని వస్తే మీటరు విన్నది, అడిగిన రిజిస్టర్ దానికి నచ్చలేదు. అప్పుడు తీగలు కాదు, మీటరు రిజిస్టర్ పట్టిక చూడండి. చాలా మీటర్లలో కొలతలు 03తో కాకుండా 04తో అడగాలి.

రోజూ చేసే పనికి ఎంబీపోల్ అనే మాడ్‌బస్ కమాండ్-లైన్ టూల్ వాడండి. దానిలో పారిటీ మామూలుగా ఈవెన్, వేగం 19200. మీటరు 9600, పారిటీ నన్ అయితే రెండూ చెప్పి తీరాలి.

తీగల విషయం కూడా ఒక మాట. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే డాంగిల్స్‌లో ఏ, బీ గుర్తులు తయారీదారుని బట్టి మారతాయి. జవాబు రాకపోతే మొదట రెండు తీగలు అటూ ఇటూ మార్చండి, దానివల్ల ఏమీ కాలదు. మూడో తీగగా గ్రౌండ్ కలపడం మానకండి. 120 ఓమ్ రెసిస్టర్లు లైను రెండు కొసల్లోనే, మధ్యలో ఉన్న మీటర్ల దగ్గర వద్దు. పవర్ తీసేసి ఏ, బీ మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 40 వస్తే ఎక్కడో మూడోది ఉంది, వెతికి తీయండి. బెంచ్ మీద ఒక మీటర్ పొడవున్న తీగకి అసలు రెసిస్టర్లే అక్కర్లేదు.

బాలానగర్_బెంచ్

అన్నా, ఇద్దరికీ థాంక్స్. బీఆర్ఎల్‌టీటీవై తీసేశాక డాంగిల్ నిలబడింది, ఫ్లో కంట్రోల్ నో చేశాక కన్సోల్‌లో టైప్ అవుతోంది, మీటరు 04కి జవాబిస్తోంది. మిగిలింది మోడెమ్. ఈసీ25 టీటీవైయూఎస్‌బీ2 తెరిస్తే నేనేమీ టైప్ చేయకుండానే మధ్యమధ్యలో ఏవో ఏటీ జవాబులు వస్తున్నాయి, నేను పంపినవాటికి కొన్నిసార్లు జవాబే రావడం లేదు. సిగ్నల్ నిమిషానికొకసారి లాగ్ చేసే స్క్రిప్ట్ కూడా కావాలి. తెలుగులో ఎస్ఎమ్మెస్ ఇక్కడి నుంచే పంపి పరీక్షించొచ్చా?

ఓకే_ఎర్రర్ (జవాబు)

మీరు అడగకుండా వచ్చే జవాబులు, వెనక నడిచే మోడెమ్‌మేనేజర్ అనే సర్వీస్ పంపిన కమాండ్లవి. అదే పోర్ట్‌ని అదీ తెరిచి ఏటీ కమాండ్లు పంపుతుంటుంది, వచ్చిన అక్షరాలు ఎవరు ముందు చదివితే వాళ్లకి పోతాయి. అందుకే కొన్ని మీకు, కొన్ని దానికి. బెంచ్ మీద పరీక్ష వరకైతే సిస్టమ్‌సీటీఎల్‌తో ఆ సర్వీస్ ఆపండి. శాశ్వతంగా కావాలంటే యూడెవ్ రూల్ రాసి, వెండర్ 2సీ7సీ, ప్రోడక్ట్ 0125కి ఐడీ_ఎంఎం_డివైస్_ఇగ్నోర్ విలువ 1 ఇవ్వండి. మోడెమ్ నెట్ కనెక్షన్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ నడుపుతుంటే మాత్రం అలా చేయకండి, నెట్ పోతుంది.

ఈసీ25లో నాలుగు పోర్టులు వస్తాయి: 0 డయాగ్నస్టిక్, 1 జీపీఎస్ వాక్యాలు, 2 ఏటీ కమాండ్లు, 3 మోడెమ్ డేటా. ఆ నంబర్లు గట్టివి కావు. సీహెచ్340 ముందు పెడితే అన్నీ ఒకటి చొప్పున జరుగుతాయి. /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఉండే పేరు వాడండి, అందులో ఇఎఫ్02 అని ఉన్నదే ఏటీ పోర్ట్.

ముందు ఈ నాలుగు అడగండి. ఏటీ+సీపిన్? కి రెడీ రావాలి. ఏటీ+సీఈరెగ్? కి 0,1 అంటే సొంత నెట్‌వర్క్, 0,5 రోమింగ్, 0,2 అంటే ఇంకా వెతుకుతోంది. ఏటీ+కాప్స్? నెట్‌వర్క్ పేరు. ఏటీ+సీఎస్‌క్యూ సిగ్నల్: వచ్చిన అంకెని రెండుతో హెచ్చించి 113 తీసేస్తే డీబీఎం. 17 అంటే మైనస్ 79, బాగున్నట్టే. 99 అంటే కొలవలేదు, యాంటెన్నా కనెక్టర్ నొక్కి చూడండి.

స్క్రిప్ట్ పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఇస్తారు, దాన్ని నడిపేది రన్‌స్క్రిప్ట్ అనే వేరే ప్రోగ్రామ్. తెలియకపోతే బోల్తా కొట్టించేవి మూడున్నాయి. ఏమీ చెప్పకపోతే స్క్రిప్ట్ మొత్తం 120 సెకండ్లకి ఆగిపోతుంది. గంటల తరబడి నడవాలంటే మొదటి వరసలోనే టైమ్‌అవుట్‌కి పెద్ద అంకె ఇవ్వండి. ఎక్స్‌పెక్ట్ బ్రాకెట్ల లోపల రాసే టైమ్‌అవుట్ దాని ఒక్కదానికే, రాయకపోతే 60 సెకండ్లు. సెండ్ తనంతట తానే క్యారేజ్ రిటర్న్ చేరుస్తుంది, మీరు మళ్లీ చేర్చకండి. ఇక ఎకో ఆన్‌లో ఉంటే, ఎక్స్‌పెక్ట్‌లో 'సీఎస్‌క్యూ' కోసం చూసినప్పుడు అది మీ కమాండ్ ఎకోకే దొరికిపోతుంది, జవాబు రాకముందే ముందుకెళ్లిపోతుంది. ఎప్పుడూ 'ఓకే' కోసం చూడండి, పక్కనే 'ఎర్రర్' వస్తే ఎటు వెళ్లాలో రాయండి. వరస ఇలా: లేబుల్, సెండ్, ఎక్స్‌పెక్ట్‌లో ఓకే వస్తే బ్రేక్, ఎర్రర్ వచ్చినా 5 సెకండ్లు దాటినా తప్పు లేబుల్‌కి గోటూ, ఆ తర్వాత స్లీప్ 60, మళ్లీ మొదటి లేబుల్‌కి గోటూ. టైమ్‌స్టాంప్ మినీకామ్ వేస్తుంది కాబట్టి స్క్రిప్ట్‌లో సమయం గురించి ఏమీ రాయక్కర్లేదు, పెద్ద సీతో లాగ్ తెరిచి పెట్టుకుంటే చాలు.

స్క్రిప్ట్ కాకుండా ఫైలు నుంచి కమాండ్లు పోయాలంటే కంట్రోల్-ఎ, వై. అయితే మోడెమ్ ఓకే చెప్పేలోపు తర్వాతి కమాండ్ వెళ్తే అది పోతుంది. కంట్రోల్-ఎ, టీ పేజీలో న్యూలైన్ ఆలస్యం 300 మిల్లీసెకండ్లు పెట్టండి. కాప్స్ లాంటి నెమ్మది కమాండ్లకి అదీ చాలదు, వాటికి స్క్రిప్టే.

తెలుగు ఎస్ఎమ్మెస్ హాయిగా పంపొచ్చు, కాకపోతే తెలుగు అక్షరాలు నేరుగా టైప్ చేసి కాదు. ఏటీ+సీఎంజీఎఫ్=1, తర్వాత ఏటీ+సీఎస్‌సీఎస్="యూసీఎస్2", తర్వాత ఏటీ+సీఎస్ఎంపీ=17,167,0,8. చివరి 8 అంటే సందేశం యూసీఎస్2లో (యూనిట్‌కి రెండు బైట్ల యూనికోడ్) ఉందని, 167 అంటే 24 గంటల గడువు. సీఎస్‌సీఎస్ మార్చాక ఫోన్ నంబర్ కూడా యూసీఎస్2 హెక్స్‌లోనే ఇవ్వాలి, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ప్లస్ 91 అంటే 002బీ00390031, మిగతా అంకెలు ఒక్కోటీ 003తో మొదలయ్యే నాలుగంకెలు. ఏటీ+సీఎంజీఎస్ ఇచ్చాక బాణం గుర్తు వస్తుంది, అక్కడ సందేశం హెక్స్‌లో కొట్టండి. 'నమస్తే' అంటే 0సీ280సీ2ఈ0సీ380సీ4డీ0సీ240సీ47. చివర కంట్రోల్-జెడ్. మినీకామ్‌లో కంట్రోల్-జెడ్ ప్రోగ్రామ్‌ని ఆపదు, నేరుగా మోడెమ్‌కి వెళ్తుంది, భయపడక్కర్లేదు. వద్దనుకుంటే ఎస్కేప్.

పొడవు లెక్క జాగ్రత్త. ఒక ఎస్ఎమ్మెస్‌లో 70 యూనిట్లు. 'నమస్తే' కంటికి మూడక్షరాలు, యూనిట్లు ఆరు: న, మ, స, పొల్లు, త, ఏత్వం. ప్రతి గుణింతం, ప్రతి ఒత్తు లెక్కలోకి వస్తాయి. 70 దాటితే టెక్స్ట్ మోడ్ వదిలి పీడీయూ మోడ్‌లో (సందేశం మొత్తాన్ని హెక్స్‌గా కట్టి పంపే పద్ధతి) ముక్కలు చేయాలి, అప్పుడు ముక్కకి 67.

సిమ్ సంగతి కూడా. జియోలో 2జీ, 3జీ లేవు, ఎస్ఎమ్మెస్ ఐఎంఎస్ (4జీ మీదే కాల్స్, సందేశాలు నడిపే వ్యవస్థ) మీదుగా వెళ్తుంది. జియో సిమ్‌తో డేటా వచ్చి ఎస్ఎమ్మెస్ మాత్రం ఎర్రర్ ఇస్తే ఏటీ+క్యూసీఎఫ్‌జీ="ఐఎంఎస్" అని అడిగి చూడండి. అమీర్‌పేటలో ప్రాజెక్టులకి కొనే సిమ్800 మాడ్యూల్‌లో జియో సిమ్ వేస్తే ఎప్పటికీ రిజిస్టర్ కాదు, అది 2జీ మాడ్యూల్. అందులో ఎయిర్‌టెల్ లాంటి 2జీ ఉన్న సిమ్ కావాలి.

తీగ_జత

పై జవాబుకి ఒకటి కలుపుతాను. లాగ్‌లో మోడెమ్ రిజిస్టర్ అయ్యే సమయానికే పోర్ట్ ఊడిపోయి మళ్లీ వస్తుంటే అది సాఫ్ట్‌వేర్ కాదు, కరెంటు. ఈసీ25 ఎక్కువ పవర్‌తో పంపేటప్పుడు సప్లై 2 ఆంపియర్ల దాకా ఇవ్వగలగాలి, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్ట్ లెక్క 500 మిల్లీఆంపియర్లు. వోల్టేజ్ 3.3 కంటే కిందికి జారగానే మాడ్యూల్ రీసెట్ అవుతుంది. వేరే సప్లై పెట్టి, మాడ్యూల్ పక్కనే 100 మైక్రోఫారడ్ లో-ఈఎస్ఆర్ కెపాసిటర్ వేయండి. టైమ్‌స్టాంప్ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది: రీసెట్ల సమయాలు, సీఈరెగ్ మారిన సమయాలు పక్కపక్కన పెడితే అనుమానం మిగలదు.

కర్నల్_కిటికీ (జవాబు)

యూనిక్స్ సాకెట్ గురించి ఎవరూ చెప్పలేదు. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో వర్చువల్ మెషీన్ సీరియల్‌ని సాకెట్‌గా ఇస్తే, పెద్ద డి ఆప్షన్‌కి యూనిక్స్#/టీఎంపీ/వీఎం.సాక్ అని ఇవ్వండి, మినీకామ్ దానికే కలుస్తుంది. నిజం బోర్డు రాకముందే బూట్ లాగ్ స్క్రిప్టులన్నీ వర్చువల్ మెషీన్ మీద సరిచూసుకోవచ్చు, అదే ప్రొఫైల్, అదే టైమ్‌స్టాంప్. హ్యాష్ గుర్తు ఉంది కాబట్టి మొత్తాన్ని కొటేషన్లలో పెట్టండి. సాకెట్‌కి బాడ్ రేటు అర్థం లేదు, ఏమిచ్చినా ఒకటే. వేగం మీద ఆధారపడే తప్పులు అందుకే అక్కడ బయటపడవు.

ఇంత కష్టం ఎందుకు అనుకుంటే టీఐఓ అనే సీరియల్ ప్రోగ్రామ్ వాడండి. ఇనిట్ స్ట్రింగుల గొడవ లేదు, పరికరం ఊడి మళ్లీ వస్తే తానే కలుపుకుంటుంది, టైమ్‌స్టాంపూ ఉంది. బోర్డు కన్సోల్‌కి నా ఓటు దానికే.

ఓకే_ఎర్రర్

కన్సోల్ వరకు ఒప్పుకుంటాను. మోడెమ్ దగ్గర మాత్రం మినీకామ్‌ని వదలను. డయలింగ్ డైరెక్టరీ, రన్‌స్క్రిప్ట్, ఎల్ఆర్‌జెడ్‌ఎస్‌జెడ్‌తో జెడ్‌మోడెమ్ ఫైల్ బదిలీ, అన్నీ ఒకచోట ఉన్నాయి. పరికరం ఊడి రావడం మినీకామ్ కూడా తట్టుకుంటుంది, పేరు మారకపోతే. అందుకే బై-ఐడీ అన్నాను. సీరియల్ డివైస్ వరసలో కామాలతో రెండు మూడు పేర్లు ఇవ్వొచ్చు కూడా, మొదటిది తెరుచుకోకపోతే తర్వాతిది చూస్తుంది.

ఇంకా 2.7 లేదా అంతకన్నా పాతది నడుపుతున్నవాళ్లు మాత్రం వెంటనే మార్చండి. 2017లో బయటపడ్డ సీవీఈ-2017-7467 అనే భద్రతా లోపం ప్రకారం అవతలి పరికరం పంపే ఎస్కేప్ సీక్వెన్స్‌తోనే మినీకామ్ మెమరీ దాటి రాయించవచ్చు. 2.7.1లో సరిచేశారు. గుర్తు తెలియని బోర్డులకి కేబుల్ పెట్టే బెంచ్‌లో అది చిన్న విషయం కాదు.

బాలానగర్_బెంచ్

మోడెమ్‌మేనేజర్ ఆపాక జవాబులన్నీ వస్తున్నాయి. 'నమస్తే' కూడా వెళ్లింది. ఒక్కటే మిగిలింది: ఆఫీసులో ఈ బెంచ్‌కి ఎస్ఎస్‌హెచ్‌లో జీఎన్‌యూ స్క్రీన్ (టెర్మినల్ సెషన్లు నిలిపి ఉంచే ప్రోగ్రామ్) ద్వారా వస్తారు. కంట్రోల్-ఎ నొక్కితే స్క్రీన్ పట్టేసుకుంటోంది.

తీగ_జత

స్క్రీన్‌లో కంట్రోల్-ఎ తర్వాత చిన్న ఎ నొక్కితే ఒక కంట్రోల్-ఎ లోపలికి వెళ్తుంది. అంటే మినీకామ్ సహాయం పేజీకి కంట్రోల్-ఎ, ఎ, జెడ్. రోజూ అలా నొక్కడం విసుగైతే సెటప్‌లో స్క్రీన్ అండ్ కీబోర్డ్ పేజీ మొదటి వరస కమాండ్ కీ, దాన్ని మార్చి డీఎఫ్ఎల్‌గా (డీఫాల్ట్‌గా) సేవ్ చేయండి. కంట్రోల్-బీ మాత్రం పెట్టకండి, రేపు ఎవరైనా ఆ కీనే వాడే టీమక్స్‌తో వస్తే మళ్లీ ఇదే ప్రశ్న.